ఆత్మకథలో వాదబలము

పెందుర్తినుండి అనకాపల్లికి పోవు దారిలో సబ్బవరమున్నది. అచ్చటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము దామోదరం సంజీవయ్యగారి పేరిట వెలసియున్నది. 1960 మొదలు 1962 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నుండిన సంజీవయ్యగారు ఈ దేశమున ఆ పదవి నధిష్ఠించిన దళితులలో ప్రథములు. సాక్ష్యమన నేమో, న్యాయాధిపతి దానిని తూచు విధమెట్టిదో ఆ విద్యాలయమున బోధింతురు. నేటి మా ప్రసంగవిషయము ఆ పాఠమునకు చుట్టమే. న్యాయస్థానము లేని చోట, వకీలు లేని చోట, అవమానము పొందినవాడు తన బ్రతుకునే సాక్ష్యముగా నిలిపి లోకము నొప్పింప జూచినపుడు ఏ యుక్తులు ఫలించును?

అమెరికాలోని నల్లజాతి రచయితలు ఈ విద్యలో ఆరితేరినవారు. ఫ్రెడరిక్ డగ్లస్ ఉపన్యాసములు విన్న కొందరు, ఇంత చక్కగా మాటలాడువాడు బానిసయై యుండునా యని శంకించిరి. అందుచే 1845లో అతడు తన జీవితకథను ప్రకటించుచు యజమానుల పేర్లు, ఊళ్ళ పేర్లు దాచక వ్రాసెను. అప్పటికి చట్టము దృష్టిలో అతడింకను పారిపోయిన బానిసయే. పట్టుబడు భయముచే సముద్రము దాటి బ్రిటనుకు పోవలసివచ్చెను. నమ్మకమునకు అతడు చెల్లించిన వెల అది.

తరువాతివారు వేరొక మార్గము త్రొక్కిరి. 1963లో వెలువడిన జేమ్స్ బాల్డ్విన్ గ్రంథమున తమ్ముని కుమారునకు వ్రాసిన లేఖ గలదు. 2015లో తానహసి కోట్స్ తన పుస్తకము నంతను కుమారునకు జాబుగా నడపెను. జాబు కుమారునిది, వినవలసినవారు పొరుగువారు. తండ్రి కన్నకొడుకుతో బొంకడు గదా యని చదువరి మనసు తనంతట తానే మెత్తబడును.

మనకిది క్రొత్త గాదు. దీనిని మన పెద్దలు అన్యాపదేశ మనిరి. 1941లో జాషువా మహాకవి ‘గబ్బిలము’న ఈ పనియే చేసెను. అస్పృశ్యుడు తన గోడును కాశీవిశ్వనాథునకు చేర్పుమని గబ్బిలమును వేడును. గుడిలోనికి పక్షి పోవచ్చును, మనుష్యుడు పోరాదు. ఇంతకు మించిన తర్కము వలదు. అర్చకునితో వాదమునకు దిగియున్నచో అర్చకుడు శాస్త్రము చూపెడివాడు. గబ్బిలముతో మాటలాడుటచే ఆ యవకాశము పోయినది. ఆయన తన జీవితమును సైతము ‘నా కథ’ యను పేర పద్యములలో చెప్పుకొనెను. 1957 మొదలు 1959 వరకు మద్రాసు రేడియో కేంద్రమున పనిచేసిన కవియని మా శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక.

మన ఆలంకారికులు వేదమును ప్రభువు ఆజ్ఞతోను, పురాణమును మిత్రుని హితవుతోను, కావ్యమును కాంత అనునయముతోను పోల్చిరి. బాధితుని ఆత్మకథ ఈ మూటిలో దేనికిని లొంగదు. అది సాక్షి పలుకు.

కాకినాడలో పెరిగి, న్యూయార్కు భూగర్భ రైలులో కండక్టరుగా పనిచేసిన సుజాత గిడ్ల ఆంగ్లమున వ్రాసిన కుటుంబచరిత్ర 1917 గాదు, 1817 గాదు, నిన్నమొన్నటి 2017లో వెలువడినది. ఏనుగుల నడుమ చీమలని దాని పేరు. అమెరికాలో ఆమెను చూచువారికి చర్మపు రంగు తెలియునే గాని కులము తెలియదు. కావున మొదటినుండి చెప్పుకొని రావలెను. మనము ఇంటి గడపవలె చూచియు చూడక దాటిపోవు విషయములు, ఆ తెలియనివారికి విప్పిచెప్పుచుండగా, ప్రక్కనుండి వినుచున్న తెలుగువానికే వింతగా తోచును. ఆ గ్రంథబలములో సగపాలు ఇదియే యని మా తలంపు.

ఆమె ముత్తాతలు ఖమ్మము ప్రాంతపు అడవులలో తిరుగాడినవారు. ఏ కులమునకును చెందినవారు గారు. తెల్లదొరలు అడవులు కొట్టించగా మైదానమునకు వచ్చి, సాగుచేసికొన్న నేల పోగొట్టుకొని, కూలివారై, అంటరానివారైరి. రచయిత్రి ఇచ్చట కులమును నిందింపదు. నేల పోయిన వెనుక అంటు వచ్చెనని వరుసగా చెప్పును. అంటు పుట్టుకతో వచ్చినదను మాట కిదియే ప్రత్యుత్తరము.

కన్నీటికంటె గట్టి యుక్తి మరొకటి గలదు. ఆమె తనవారిని కాపాడదు. మేనమామ కె.జి. సత్యమూర్తి, శివసాగర్ పేర కవి, పీపుల్స్ వార్ స్థాపకులలో నొకరు. ఆయన లోపములను, ఇంటిలో స్త్రీలు పడిన బాధలను దాచక వ్రాసెను. తన పక్షమునకు చెరుపు చేయు మాటను సాక్షి తానై పలికినచో, న్యాయాధిపతి తక్కిన మాటలను గూడ చెవియొగ్గి వినును. సబ్బవరపు విద్యార్థి కిది తెలియని సంగతి గాదు. ఐనను అతడొక ఆక్షేపణ తేవచ్చును: మేనమామ బాల్యమును మేనకోడలు చెప్పుట వినికిడి సాక్ష్యము గాదా? ఆక్షేపణ న్యాయమైనదే. అందుకే ఆమె ఆయనను, తల్లిని మరల మరల అడిగి, వారి పలుకులను ధ్వనిముద్రణ చేసికొని వ్రాసెను. సత్యమూర్తి 2012లో మరణించెను. పుస్తకము మరి యైదేండ్లకు వెలువడినది.