పాల ఏటీఎంకు క్యూఆర్, కార్డు చెల్లింపులు: బిగించే ముందు చూసుకోవాల్సినవి

పాల ఏటీఎం పెట్టి నేరుగా పాలు అమ్ముకునే పాడి రైతుకు రోజూ వచ్చే తలనొప్పి చిల్లర. అర లీటరు 35 రూపాయలైతే, వంద నోటుతో వచ్చినవారికి మిషన్ చిల్లర ఇవ్వలేదు. వారు పక్క కొట్లో ప్యాకెట్ కొనుక్కుని వెళ్లిపోతారు. చాలావరకు పాత మిషన్‌ను మార్చకుండానే దానికి నగదు రహిత చెల్లింపులు జోడించుకోవచ్చు.

కిరాణా కొట్లో ఉన్నట్టు క్యూఆర్ స్టిక్కర్ అతికిస్తే సరిపోదు. డబ్బు మీ ఖాతాలో పడుతుంది గాని ఆ సంగతి మిషన్‌కు తెలియదు. బటన్ నొక్కడానికి ఒక మనిషి నిలబడాల్సిందే. చెల్లింపు పరికరాన్ని మిషన్ బోర్డుకు కలపాలి. నాణేల పెట్టె పంపే సంకేతాన్నే (పల్స్) ఇదీ పంపుతుంది. ఒక్కో పల్స్‌కు ఎన్ని రూపాయలో బిగించేటప్పుడే నిర్ణయించాలి. 10 రూపాయలుగా పెడితే 35 రూపాయల పాలు అమ్మలేరు. 5 గానీ 1 గానీ పెట్టించండి. ప్రతి కొనుగోలుకూ తెరపై కొత్త క్యూఆర్ వచ్చే రకాన్నే అడగండి. మీ స్టిక్కర్ మీద ఇంకొకరు తమది అతికించే మోసానికి అప్పుడు తావుండదు.

రోజూ వచ్చే ఖాతాదారులకు మాత్రం మీరే ఇచ్చే ప్రీపెయిడ్ కార్డు మేలని నా అభిప్రాయం. ఫోన్ వాడని పెద్దవారికీ, పిల్లలను పంపేవారికీ అనువు. ఆ కార్డు మీ పాలకే పనికొస్తూ, నగదు తీసుకునే వీలు లేనిదైతే రిజర్వు బ్యాంకు అనుమతి అవసరం లేదు. కార్డు పోతే దాన్ని ఆపి, మిగిలిన సొమ్మును కొత్త కార్డులోకి మార్చే వీలుందో లేదో కొనే ముందే తేల్చుకోండి.

యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపులపై 2020 జనవరి 1 నుంచి వ్యాపారి రుసుము లేదు. కానీ పరికరం అద్దె, సిమ్ రీచార్జి, మరమ్మతు ఖర్చు వేరు. ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. బ్యాంకు కార్డును తాకించి చెల్లించే సదుపాయం పల్లెలో మొదటే అక్కర్లేదు, తర్వాత చూసుకోవచ్చు.

అసలు గొడవంతా డబ్బు కట్ అయి పాలు రానప్పుడే. యూపీఐ సొమ్ము మీ ఖాతాకు చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా బ్యాంకే తిరిగి జమ చేయాలి; ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం కొనుగోలుదారుకు వస్తుంది. మీ ఖాతాకు చేరితే మాత్రం తిరిగి ఇవ్వాల్సింది మీరే. అందుకే పూర్తి డబ్బు కట్టకముందే పరీక్షించండి. పాలు పడుతుండగా కరెంటు తీసేయండి. తిరిగి వచ్చాక మిగిలిన పాలు పోస్తోందా? ఇంకోసారి సిమ్ తీసి చూడండి. అప్పుడు క్యూఆర్ అసలు కనిపించకూడదు. పట్నంలో డెమో ఎప్పుడూ బాగానే ఉంటుంది, మీ ఊరి సిగ్నల్‌తో చూడాలి. ఇనుప డబ్బాలో సిగ్నల్ తగ్గితే యాంటెన్నా బయట పెట్టించండి.

మీ ఫోన్ నంబరు మిషన్ మీద పెద్దగా రాయించండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు, ఎవరైనా అడిగితే మోసమే. నష్టపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

సంఘం మిషన్ అయితే డబ్బు సంఘం ఖాతాకే చేరాలి, ఒక సభ్యుడి ఖాతాకు కాదు. నాణేల పెట్టె తీసేయకండి. మొదటి నెల ప్రతి సాయంత్రం మిషన్ చూపే లీటర్లు, ఖాతాలో పడిన సొమ్ము, నాణేలు, కార్డుల రీచార్జి పుస్తకం పక్కపక్కన పెట్టి సరిచూడండి. తేడా వస్తే ఆ రోజే బిగించిన కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి.