మధ్యాహ్నం మాయమయ్యే ప్యాకెట్లు

ఒక కాలేజీలో కంప్యూటర్ గది ఉందనుకోండి. పొద్దున వీడియో పాఠం చక్కగా నడుస్తుంది. మధ్యాహ్నం మూడింటికి మాస్టారి గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. రాత్రికి మళ్ళీ మామూలే. తీగ తెగితే పాఠం పూర్తిగా ఆగిపోవాలి కదా! మరి ఇలా వచ్చిపోయే జబ్బుకు కారణమేమిటి?

పొడుగాటి ఉత్తరాన్ని పోస్టుకార్డుల మీద వరుస నంబర్లు వేసి రాసినట్టు, కంప్యూటర్లు సమాచారాన్ని మామూలుగా 1500 బైట్లకు మించని ముక్కలుగా పంపుతాయి. ఇవే ప్యాకెట్లు. ప్రతి ముక్క వెంట ఒక భాగహారపు శేషం కూడా వెళుతుంది. అందుకున్న యంత్రం అదే భాగహారాన్ని మళ్ళీ చేస్తుంది. శేషం కలవకపోతే ముక్క చెడిందన్నమాట, దాన్ని పారేస్తుంది. లెక్కల్లో మీరు చేసే 'సరిచూచుట' లాంటిదే ఇది! పోయిన ముక్క ఫైలుదైతే మళ్ళీ అడిగి తెప్పించుకోవచ్చు. మాట్లాడుతున్న గొంతుకు అంత వ్యవధి ఎక్కడిది?

ముక్క ఎక్కడ చెడింది? తీగలన్నీ వచ్చి చేరే పెట్టెను కూడా స్విచ్ అనే అంటారు. దాని రంధ్రాల్లో బొటనవేలంత లోహపు డబ్బీలు దూర్చి ఉంటాయి. సంకేతాలను పంపే, అందుకునే ఈ డబ్బీలే ట్రాన్సీవర్లు. వీటిలో రాగి తీగ మీద సెకనుకు 1000 కోట్ల బిట్లు పంపే రకం ఒకటుంది. ఆ తీగలో నాలుగు జతలు. ఒక్కో జత మీద సెకనుకు 80 కోట్ల స్పందనలు. ప్రతి స్పందనా 16 వోల్టేజి మెట్లలో ఏదో ఒకటి. పైగా అదే జత మీద రెండు వైపులా ఒకేసారి రాకపోకలు! తన ప్రతిధ్వనినీ, పక్క జతల సవ్వడినీ తీసివేసి అసలు సంకేతాన్ని పట్టుకోవడానికి లోపలి చిప్ తెరిపి లేకుండా లెక్కలు కడుతుంది. అందుకు సుమారు 2.5 వాట్లు ఖర్చు. ఆప్టికల్ ఫైబర్ అనే గాజుపోగులో కాంతిని పంపే డబ్బీకి, అదే వేగానికి, సుమారు 1 వాటు చాలు.

2.5 వాట్లేనా అంటారా? బొటనవేలంత చోటులో! సాధారణ రకం డబ్బీ పైతొడుగు 70 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. నాలుగు డబ్బీలు పక్కపక్కనే ఉండి, ఎండవేళ గది మూసేసి, గాలి రంధ్రాలకు దుమ్ము పడితే ఆ హద్దు దాటడం ఎంతసేపు? వేడికి మెట్ల తేడా పట్టుకోవడం కష్టమవుతుంది. కొద్ది పొరపాట్లను చిప్ తానే దిద్దుకుంటుంది. మరీ ఎక్కువైతే శేషం కలవదు. కొన్ని డబ్బీలు తమను కాపాడుకోవడానికి పని మానేసి, చల్లారాక మళ్ళీ లేస్తాయి.

చాలామంది చేసేది తీగ మార్చడం. అదీ సాయంత్రం తీరిక చూసుకుని! రాత్రి అంతా బాగుంటుంది, కొత్త తీగకు పేరొస్తుంది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అదే గోల.

గదిని చూసుకునేవారిని అడిగి ఇలా చేయించండి. 'పింగ్' అనే ఆదేశంతో పొద్దున 1000 ప్యాకెట్లు, మధ్యాహ్నం 1000 ప్యాకెట్లు పంపి, ఎన్నింటికి జవాబు వచ్చిందో రాసుకోవాలి. స్విచ్ దగ్గర చెడిన ముక్కల లెక్క ఉంటుంది. కొన్ని డబ్బీలు తమ ఉష్ణోగ్రతను కూడా తెలుపుతాయి. నష్టం జరుగుతున్న వేళలోనే, ఇంకేదీ ముట్టుకోకుండా, టేబుల్ ఫాను గాలిని స్విచ్ మీదికి తిప్పాలి. కాసేపటికి నష్టం ఆగి, ఫాను తీసేశాక మళ్ళీ మొదలైతే దోషం వేడిదే. ఆగకపోతే అప్పుడు తీగనూ దాని కొననూ అనుమానించండి. కాలుతున్న డబ్బీని వేళ్ళతో పట్టుకోకండి. గాజుపోగు కొనలోకి తొంగి చూడకండి. అందులో కంటికి కనిపించని పరారుణ లేసర్ కాంతి ఉంటుంది.

దోషం వేడిదేనని తేలితే దుమ్ము దులిపి, రాగి డబ్బీల మధ్య ఒక్కో రంధ్రం ఖాళీగా వదలాలి. అప్పటికీ తగ్గకపోతే ఆ దారికి గాజుపోగు వేయడమే మేలు.