నొప్పి పోతే రాయి పోయినట్టేనా?

పోయిన జనవరిలో మా హాస్టల్లో పదో తరగతి తమ్ముడొకడు అర్ధరాత్రి నడుము పట్టుకుని లేచాడు. నొప్పి వీపు పక్క నుండి గజ్జల దాకా పాకింది. వాంతులయ్యాయి. కూర్చోలేడు, పడుకోలేడు. తెల్లవారేసరికి తగ్గిపోయింది. "గ్యాస్ అయ్యుంటుందిలే" అనుకొని మేమూ ఊరుకున్నాము. నెల తిరగకముందే మళ్ళీ వచ్చింది. ఈసారి కుప్పం తీసుకెళ్ళి స్కానింగ్ తీయిస్తే మూత్రనాళంలో 8 మిల్లీమీటర్ల రాయి ఉంది. మూత్రం దిగక కిడ్నీ ఉబ్బింది. అప్పుడు తెలుసుకున్న సంగతులను మిత్రులందరితో పంచుకుంటున్నాము.

మూత్రంలో కాల్షియం, ఆక్సలేట్, యూరిక్ ఆమ్లం వంటివి కరిగి ఉంటాయి. నీళ్ళు తక్కువ తాగితే మూత్రం చిక్కబడి అవి పలుకులుగా పేరుకుంటాయి. అదే రాయి. బోరు నీళ్ళ వల్లే రాళ్ళు వస్తాయని మన శాంతిపురం వైపు అంటారు. నిజానికి నీళ్ళు చాలినన్ని తాగకపోవడమే పెద్ద కారణం. బాత్రూం దగ్గర క్యూ ఉంటుందని మనం నీళ్ళే మానేస్తాము కదా!

చికిత్స రాయి సైజును, అది ఉన్న చోటును బట్టి ఉంటుంది. 5 మిల్లీమీటర్ల లోపువి చాలావరకు వాటంతట అవే పడిపోతాయి. కొంచెం పెద్దవాటికి నాళాన్ని వదులు చేసే మందులిచ్చి కొన్ని వారాలు చూస్తారు. కదలకపోతే మూత్రమార్గం గుండా సన్నని గొట్టం పంపి లేజర్‌తో పొడి చేస్తారు. కోత ఉండదు. కిడ్నీలో 2 సెంటీమీటర్ల లోపు రాయిని బయటి నుండే షాక్ తరంగాలతో పగలగొట్టవచ్చు. ఈ పద్ధతిని 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటిసారి రోగికి వాడారు. అంతకంటే పెద్దదైతే వీపు దగ్గర చిన్న రంధ్రం చేసి తీస్తారు. లోపల స్టెంట్ పెడితే, చెప్పిన తేదీకి తప్పక తీయించుకోవాలి.

డబ్బుకు భయపడి ఆగవద్దు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకంలో రాళ్ళ ఆపరేషన్లు ఉన్నాయి. ఆసుపత్రిలోని పథకం కౌంటరులో అడగండి.

రాళ్ళు వచ్చినవారు మూత్రం తెల్లగా వచ్చేటంత నీళ్ళు, అంటే రోజుకు రెండున్నర నుండి మూడు లీటర్లు తాగాలి. ఉప్పు, ఊరగాయ తగ్గించాలి. పాలు, మజ్జిగ మానకూడదు. అన్నంతోపాటు తీసుకునే కాల్షియం ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేస్తుంది. నిమ్మరసం మంచిది. కొండపిండి కషాయం, అరటి దూట రసం నమ్ముకొని స్కానింగ్ వాయిదా వేయవద్దు.

నొప్పితో చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. నొప్పి పోయినంత మాత్రాన రాయి పోయినట్టు కాదు. అది నాళానికి అడ్డుపడి ఉంటే, చప్పుడు లేకుండా కిడ్నీ పాడవుతుంది. పోయిందని స్కానింగ్ చెప్పాలి, మనం కాదు.

మా తమ్ముడికి లేజర్‌తో రాయి తీశారు. మార్చిలో పరీక్షలు రాశాడు. ఇప్పుడు మా గదిలో అందరికంటే ముందు బాటిల్ నింపుకునేది వాడే.