ఇక ఇంటికెళ్లొచ్చు... మరి ఇల్లు సిద్ధమా?

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ఒక్కసారిగా రంగం మీదికి వచ్చేయదు. ముందు తెర పడతారు. ఆ తెర మీదుగా జడ వేస్తుంది. ప్రవేశ దరువు సాగాకే భామ మన ముందుకొస్తుంది.

అదే ఊళ్లో ఆసుపత్రి నుంచి మనిషి ఇంటికి రావాలంటే మాత్రం అంతా హడావుడే! పొద్దున్నే డాక్టరు 'ఇక ఇంటికెళ్లొచ్చు' అంటారు. ఒకరు బిల్లు కౌంటరుకీ, ఒకరు మందుల షాపుకీ, ఇంకొకరు కారు కోసమూ పరుగు. నర్సు చెప్పేది వినే తీరిక ఎవరికీ ఉండదు. బెజవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు మీదుగా ఇల్లు చేరాక మొదలవుతాయి సందేహాలు. పాత బీపీ మాత్ర వేయాలా, మానాలా? కుట్ల మీద నీళ్లు పడొచ్చా?

అందుకే డిశ్చార్జికి తయారీ ముందురోజే మొదలవ్వాలి.

పేరు వేరు... మందు ఒకటే!

అన్నిటికన్నా పెద్ద చిక్కు మాత్రలతోనే. ఆసుపత్రిలో కొత్తగా రాసిన మందూ, ఇంట్లో డబ్బాలో ఉన్న పాత మందూ ఒకటే కావచ్చు. కంపెనీ పేర్లు వేరు కాబట్టి తెలియక రెండూ వేసేస్తారు. షుగరో, బీపీయో పడిపోయి మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కాల్సి వస్తుంది. రక్తం పల్చబడే మందు వాడుతూ సొంతంగా నొప్పి మాత్ర కొని వేసుకున్నా ముప్పే.

విరుగుడు తేలికే. ఇంట్లోని మందుల డబ్బాను ముందురోజే ఆసుపత్రికి తెప్పించండి. ఏవి కొనసాగించాలి, ఏవి మానాలి, కొత్తవి ఏవి... మూడు జాబితాలుగా రాయించుకోండి. విన్నది డాక్టరుకు మీ మాటల్లో తిరిగి చెప్పండి. పొరపాటుంటే అక్కడే బయటపడుతుంది.

మంచం ఎక్కడ వేయాలి?

మేడ మీద గది ఉన్నా కొన్నాళ్లు మంచం కిందే వేయడం మేలు. జారే పట్టాలు తీసేయండి. బాత్రూముకెళ్లే దారిలో రాత్రంతా చిన్న దీపం ఉండాలి. మోకాలి ఆపరేషనైతే కమోడ్ కుర్చీని మనిషి రాకముందే తెచ్చి పెట్టుకోవాలి.

ఇక పథ్యం! 'పప్పు తింటే చీము పడుతుంది' అంటూ పరామర్శకొచ్చిన చుట్టాలు పప్పూ, గుడ్డూ మానిపిస్తారు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు ఉండేది వాటిలోనే! కిడ్నీ జబ్బులాంటివి ఉంటే లెక్క వేరు. కాబట్టి ఏం పెట్టాలో డాక్టరునే అడగండి.

పిల్లలు అమెరికాలో, పెద్దలు ఊళ్లో... కృష్ణా జిల్లాలో చాలా ఇళ్లది ఇదే కథ. పదిమంది ఫోనులో పది సలహాలిస్తే అయోమయమే. దగ్గరుండి చూసే ఒక్కరికి బాధ్యత అప్పగించి, డిశ్చార్జి సమ్మరీ ఫొటో తీసి పిల్లలకు పంపండి.

అడిగితేనే తెలుస్తుంది

ప్రవాసాంధ్రుల సంస్థ సిలికానాంధ్ర విరాళాలతో కట్టించిన సంజీవని వైద్యాలయం కూచిపూడిలోనే ఉంది. డ్రెస్సింగు, కుట్లు తీయడం, రక్తపరీక్షల్లో ఏవి ఊళ్లోనే చేయించుకోవచ్చో, దేనికి మళ్లీ బెజవాడ రావాలో ఆపరేషను చేసిన డాక్టరుతోనే రాయించుకోండి.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకంలో చికిత్స పొందినవారు డిశ్చార్జి తర్వాత వాడాల్సిన మందుల గురించి ఆసుపత్రిలోని పథకం సిబ్బందిని అడగాలి. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయిన తల్లిని ఉచితంగా ఇంటికి చేర్చాలన్నది 2011 నుంచి అమల్లో ఉన్న జననీ శిశు సురక్ష కార్యక్రమం నియమం.

జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు లేదా చీము కనిపిస్తే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం, ఛాతీనొప్పి, పిలిచినా పలకనంత మగత ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు... 108కి ఫోన్ చేయండి. ఈ గుర్తులన్నీ, డాక్టరు నంబరుతో సహా పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించండి.

గుమ్మంలో దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు ఎలాగూ కలుపుతారు. దాంతోపాటే మంచం, మందుల జాబితా, ఫోన్ నంబరు కూడా సిద్ధంగా ఉంటే... వచ్చిన మనిషి ఇంట్లోనే కోలుకుంటాడు!