ఎలుకల మందును గుడ్లగూబలును

మలేషియా తోటలలో దినములు గడపిన తెలుగు కుటుంబములకు ఎలుకను గూర్చి ఎవరును క్రొత్తగా బోధింప నక్కరలేదు. 1917వ సంవత్సరమున సెలాంగూరులోని తెన్నమారం తోటలో వర్తకార్థమై మొదటిసారి పామాయిలు చెట్లు నాటబడెను. తరువాత ఆ పంట ఎంత దూరము వ్యాపించెనో ఎలుకయు అంత దూరము దాని వెంబడి వ్యాపించెను. పండిన గెలలోని కండను అది కొరికి తినును. రాలిన పండ్లను ఆకుల కుప్పల క్రిందికి లాగుకొనిపోవును. ఒక్క హెక్టారులో వందలకొలది ఎలుకలు నివసింపగలవు. అదుపులేని తోటలో నూనె దిగుబడి నూటికి 5 పాళ్లవరకు నష్టమగునని చెప్పుదురు. లైను ఇండ్లలో చొరబడినపుడో, దాని మూత్రము కలిసిన నీటివలన ప్రాణాపాయకరమైన జ్వరము కూడ వచ్చును. కావున ఎలుకను చంపకూడదని ఈ వ్రాత యొక్క తాత్పర్యము కాదు. దేనితో చంపుచున్నాము, ఆ మందు ఎలుకతోనే నిలిచిపోవుచున్నదా యనునదియే ప్రశ్న.

ఎలుకల మందుగా వార్ఫరిన్ 1948లో వాడుకలోనికి వచ్చెను. రక్తము గడ్డకట్టుటకు కావలసిన విటమిను కె పనిని అది ఆపివేయును. కొన్ని దినములు వరుసగా తిన్న ఎలుక లోలోపల రక్తము కారి చచ్చును. కాలక్రమమున ఆ మందునకు లొంగని ఎలుకలు పుట్టెను. అంతట బ్రోడిఫాకూమ్, బ్రోమాడియోలోన్, ఫ్లోకూమాఫెన్ అను రెండవ తరము మందులు వచ్చెను. వీటిని ఒక్కసారి తిన్నను చాలును. దొరలకు ఇది మిక్కిలి సదుపాయముగ తోచెను.

ఇక్కడ చదువరులు ఒక సంగతిని నిదానముగ గ్రహింపవలెను. ఒక్కసారి తిన్న ఎలుక అప్పుడే చావదు. నాలుగు దినములో, వారమో, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువయో బ్రదుకును. బ్రదికినంత కాలము తిరిగి వచ్చి ఆ బిళ్లలనే తినుచుండును. దానిని చంపుటకు చాలిన దానికంటె ఎన్నో రెట్లు విషము దాని కాలేయములో చేరును. అట్టి ఎలుక నీరసించి, పగలు రాత్రి భేదము తెలియక, బయట తూలుచు నడచును. వేటపక్షికి ఇంతకంటె సులభమైన ఆహారము ఏది? పైగా వార్ఫరిన్ కొన్ని వారములలో శరీరమునుండి తొలగిపోవును గాని, బ్రోడిఫాకూమ్ కాలేయములో నెలల తరబడి నిలిచియుండును. ఈ రాత్రి తిన్న ఎలుకలోని కొద్దిపాటి విషము, వచ్చే నెల తినబోవు ఎలుకలోని దానితో కూడుకొనును.

హృదయాకారమైన తెల్లని ముఖముగల గూబ మలేషియా ద్వీపకల్పమున ఒకప్పుడు అరుదైన పక్షి. పామాయిలు తోటలలో అది గూడు పెట్టుట 1960ల చివరనే గుర్తింపబడెను. అది తనంతట గూడు కట్టుకొనదు, తొర్రలను వెదకును. పామాయిలు చెట్టునకు తొర్ర యుండదు గనుక, స్తంభములమీద చెక్కపెట్టెలు నిలుపగా గూబలు వచ్చి కాపురముండెను. ఒక జంటయు దాని పిల్లలును కలిసి సంవత్సరమునకు వేయికి పైగా ఎలుకలను తినునని లెక్కవేసిరి. వాటి ఆహారములో నూటికి 90 పాళ్లకంటె ఎక్కువ ఎలుకలే.

అట్టి సేవకునికి మనము ఇచ్చిన జీతము వినుడు. ఒక తోటలో సుమారు 20 జంటలుగా నుండిన గూబలు, వార్ఫరినును మాని క్రొత్త మందులు వేయసాగిన రెండున్నర సంవత్సరములలో, రెండే రెండు పక్షులకు తగ్గిపోయెనని డకెట్ అను పరిశోధకుడు 1984లో ప్రకటించెను. ఎలుకలను తిను చిరుతపిల్లులును పాములును ఈ గొలుసులోనివే. వాటి శవములను తాటాకుల క్రింద వెదకి లెక్కపెట్టువారెవరు?

మన జనులలో గూబయన్న భయము ఇంకను పోలేదు. తెలుగున దీనిని చావుపిట్ట యనిరి. మలయులు బురుంగ్ హంతు, అనగా దయ్యపు పక్షి, యందురు. ఇంటిమీద వ్రాలిన రాళ్లు రువ్వుదురు. అది ఇంటి దగ్గర వ్రాలుటకు కారణము చావు కాదు, అక్కడ ఎలుకలుండుటయే.

ఇతర దేశములలో కట్టుబాట్లు మొదలైనవి. కాలిఫోర్నియాలో 2021 జనవరి నుండియు, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2023 జనవరి నుండి శాశ్వతముగను, రెండవ తరము మందుల వాడుక చాలవరకు నిషేధింపబడెను. అయితే రెండుచోట్లను సేద్యమునకు మినహాయింపు కలదు. గూబలు వేటాడునది పొలములలోనే గదా! బ్రిటనులో మాత్రము బ్రోమాడియోలోన్, డిఫెనాకూమ్ మందులను కట్టడములకు దూరముగా ఆరుబయట వేయుట 2024 సంవత్సరాంతముతో నిలుపబడెను. నా అభిప్రాయములో తోటలకు తగిన మాదిరి ఇదియే.

మందు వేయు పనికి సరియైన పద్ధతి లేకపోలేదు. క్రొత్తగా కొరికిన గెలలు నూటికి 5 దాటినపుడే బిళ్లలు వేయుదురు. నాలుగు దినముల కొకసారి చూచి, తినబడిన వాటికి మారుగ క్రొత్తవి ఉంచుదురు. నూటికి 20 కంటె తక్కువ తినబడినపుడు ఆపివేయుదురు. ఎలుకలున్నను లేకున్నను పంచాంగము చూచినట్లు ఏటేట మందు చల్లుటలో డబ్బును గూబలును రెండును పోవును. గూబలున్న తోటలో వార్ఫరిన్ చాలునేమో ముందుగ చూడవలెను. గూబలు మాత్రమే ఎల్లప్పుడు చాలునని చెప్పుటయు సరికాదు. ఎలుకలు మిక్కిలి ప్రబలినపుడు మందుతో వాటిని తగ్గించి, పిమ్మట గూబలకు అప్పగించుట మేలు.

బిళ్లలు మోయు స్త్రీలు చేతి తొడుగులు లేనిదే సంచిని ముట్టకూడదు. ఆ ఎఱ్ఱని, నీలపు రంగు బిళ్లలు పిల్లలకు మిఠాయివలె కనబడును గాన ఇంటికి తేకూడదు. పిల్లవాడు తిన్నచో, ఒంట బాధ లేదని ఊరకుండక, అదే దినము పొట్లముతో కూడ ఆసుపత్రికి కొనిపోవలెను; విటమిను కె1 దీనికి విరుగుడు. కనబడిన చచ్చిన ఎలుకలను కాలువలో పారవేయక లోతుగ పాతిపెట్టుడు.

ఇక బడిపిల్లలకు ఒక పని. గూబ ఎలుకను తరచుగా ముక్కలు చేయక మ్రింగి, జీర్ణము కాని వెండ్రుకలను, ఎముకలను ఉండగా వెడలగక్కును. పెట్టె స్తంభము క్రింద ఆ నల్లని ఉండలు దొరకును. వాటిని ఎండబెట్టి, నీటిలో నానవేసి, పుల్లతో విప్పి, ఎన్ని ఎలుక పుఱ్ఱెలున్నవో లెక్కించి గోడమీది పటములో నెలవారీగ వ్రాయించుడు. పని ముగిసిన పిమ్మట సబ్బుతో చేతులు కడిగించుడు.