నిలుచుండి పనిచేయువారి నడుము నొప్పి

తెనాలి బోసు రోడ్డున బట్టల కొట్టులో చీరలు విప్పి చూపు గుమాస్తా, బాపట్లలో పెనము మీదికి వంగి అట్లు పోయు వంటవాడు, రేపల్లె మాగాణిలో నాట్లు వేయు కూలి స్త్రీ, ఈ మువ్వురును ప్రొద్దు గ్రుంకువేళ ఒక్క మాటే అందురు: "నడుము పడిపోయింది." పని మానినచో ఆ పూట కూలి పోవును. కనుక ఏదో మందు రాచుకొని, మాత్ర మ్రింగి, మరునాడు మరల నిలుచుందురు.

మైకు ముందు కూర్చుండి మాటలాడు నావంటివానికి నిలుచుండువారి కష్టమేమి తెలియునని శ్రోతలు అడుగవచ్చును. కూర్చుండిన నడుమునకును నొప్పి కలదు. దానిని గూర్చి మరియొకమారు మనవి చేసెదను.

నీళ్ల చెంబును చేయి చాచి పట్టుకొని చూడుడు. చెంబు బరువు పెరుగదు. అయినను కొంతసేపటికి చేయి వణకును. నడచునపుడు కండరము బిగియుచు, వదలుచు ఉండును. ఆ కదలికతో రక్తము చక్కగా ప్రసరించును. కదలక నిలిచినపుడు వెన్నెముకకు ఇరుప్రక్కల నుండు కండరములకు ఆ విరామము లేదు. చేయు బలము కొద్దియే అయినను, విడుపు లేకుండుటచేత అవి అలసి నొప్పి పుట్టించును.

అయితే ఆ మువ్వురి నొప్పియు ఒక్కటి కాదు. గుమాస్తా నిటారుగా నిలుచుండును. నడుము క్రింది వంపు లోనికి పోవును, తొడల ముందు కండరములు బిగిసిపోవును. వంటవానికిని, నాట్లు వేయు ఆమెకును నడుము గంటల తరబడి ముందుకు వంగియుండును. కనుక ఎవరి పని శరీరమును ఏ వైపునకు లాగుచున్నదో, దానికి ఎదురు వైపునకు సాగదీయుట మేలు. ఒకే వ్యాయామమును అందరికిని చెప్పుట నాకు సమ్మతము కాదు.

నిటారుగా నిలుచువారు బేరము లేని సమయమున బల్లను పట్టుకొని గొంతుకు కూర్చుండి, కొంతసేపు నడుమును వదులుగా విడువవలెను. మోకాళ్ల నొప్పి గలవారు పీటపై కూర్చుండి ముందుకు వంగిన చాలును. తరువాత గోడకు చేతులానించి, ఒక కాలు ముందుకును ఒకటి వెనుకకును వేసి, వెనుక మడమ నేలనుండి లేవకుండ, తుంటిని మెల్లగా ముందుకు నెట్టవలెను. పిక్కయు, గజ్జ దగ్గరి కండరమును సాగును. ఒక్కొక్క కాలికి 20 మొదలు 30 సెకండ్లు, రెండు మూడు మారులు. ఊపరాదు, ఊపిరి బిగబట్టరాదు. లాగినట్లుండవచ్చును గాని నొప్పి పుట్టరాదు. నిలుచున్నంతసేపు ఒక పాదమును చిన్న పీటపైనో ఇటుకపైనో ఉంచి, కాళ్లు మార్చుచుండినచో నడుము వంపు తగ్గి హాయిగా నుండును.

వంగి పనిచేయువారు గట్టెక్కినపుడెల్ల చేతులు నడుముపై ఆనించి, మెల్లగా వెనుకకు వాలి, తిరిగి నిటారు కావలెను. అయిదారు మారులు చాలును. న్యూజీలండులో రాబిన్ మెకంజీ అను ఫిజియోథెరపిస్టు 1956లో ఒక వింత చూచెను. తలవైపు ఎత్తుగా నున్న బల్లపై ఒక రోగి బోర్లపడుకొనగా, నడుము వెనుకకు వంగియుండియు అతని నొప్పి తగ్గినది. ఆయన చికిత్సా విధానమునకు అదియే మొదలు. అట్లని ఇది అందరికిని పడదు. నడచినపుడు కాళ్లు లాగి, కూర్చుండినంతనే ఉపశమించు వృద్ధులకు వెనుకకు వాలుట బాధను పెంచవచ్చును.

ఒక కొట్టులో గుమాస్తాకు పీట లేదా అని అడిగితిని. ఉన్నది, దానిపై యజమానిగారి సంచి కూర్చున్నది! నిలుచుండుటయే మర్యాదయని మన వర్తకుల నమ్మకము. నిలుచుండి పనిచేయువారికి వీలు దొరకినపుడు కూర్చుండుటకు ఏర్పాటుండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 44వ సెక్షనులోనే చెప్పినది. దుకాణములలో ఆసనములుంచవలెనని కేరళము 2018లోను, తమిళనాడు 2021లోను చట్టములను సవరించినవి. పీట ఇయ్యక వ్యాయామము నేర్పుట సగము వైద్యమే.

నొప్పి కాలిలోనికి దిగి తిమ్మిరియో, బలహీనతయో కలిగినను, జ్వరముతో వచ్చినను, క్రిందపడిన పిదప మొదలైనను ఈ సాగదీతలు మాని వైద్యునికి చూపవలెను. మూత్రము బిగిసినను, అదుపు తప్పినను, కూర్చుండు చోట స్పర్శ తగ్గినను మరునాటివరకు ఆగక ఆనాడే ఆసుపత్రికి పోవలెను.