రెండు రోజుల తీరిక.. కడప నుంచి గండికోట దాకా

సెలవు దొరికిందంటే మనవాళ్ళకు గుర్తొచ్చేవి హైదరాబాదు, అజ్మీరు, లేదంటే బంధువుల ఊళ్ళు. ఆడవారికైతే ప్రయాణమంటే పెళ్ళి, పురుడు, పరామర్శ. ఈ మూడూ కాని ప్రయాణం ఒకటుంటుందని చాలా ఇళ్ళలో తలంపే రాదు. అందుకే ఈసారి శని, ఆదివారాలు కలిసిరాగానే మేము నాలుగు కుటుంబాల వాళ్ళం ఒక వ్యాను మాట్లాడుకుని కడప చుట్టుపక్కల చూసి వచ్చాం. ఖర్చు తక్కువ, దూరం తక్కువ, చూసింది మాత్రం ఎక్కువే.

శనివారం ఉదయం కడపలో ఎర్రకారం దోసెలు తిని, పెద్ద దర్గాగా పేరున్న అమీన్ పీర్ దర్గా చూసి బయలుదేరాం. మతభేదం లేకుండా జనం వచ్చే చోటది. అక్కణ్ణుంచి సిద్ధవటం గంటలోపే. పెన్న ఒడ్డునున్న ఈ కోటను మట్లి రాజులు ఏలారు, తర్వాత కడప నవాబులు ఏలారు. కోటలోపల సిద్ధేశ్వరుని గుడి ఉంది, దర్గా ఉంది. 1808 నుంచి 1812 దాకా జిల్లా కేంద్రం ఇదేనంటే పిల్లలు నమ్మలేదు. ఇక్కడి పుచ్చకాయలకు పాతకాలం నుంచీ పేరు.

సాయంత్రం ఒంటిమిట్ట. కోదండరామాలయం దగ్గర ఇమాం బేగ్ అనే అధికారి తవ్వించాడని చెప్పే బావి ఉంది. గుడి దగ్గర బావికి ముస్లిం పేరేమిటని పిల్లలు అడిగారు. దప్పికకు మతం లేదని చెప్పాం.

గండికోటలో

ఆదివారం తెల్లవారుజామునే జమ్మలమడుగు దారి పట్టాం. అక్కణ్ణుంచి గండికోట 15 కిలోమీటర్లు. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన లోయ అంచున కట్టిన కోట ఇది. ఆ గండి వల్లే ఆ పేరు. పెమ్మసాని నాయకుల నుంచి 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి వచ్చింది. 1652లో ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియర్ ఇక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు.

కోటలో మాధవరాయ ఆలయం, రంగనాథాలయం, ధాన్యాగారం, జైలు, రెండు మీనార్ల జామియా మసీదు అన్నీ నడిచి చూసేంత దూరంలోనే ఉన్నాయి. మేము వెళ్ళినప్పుడు మసీదులో సందడి పావురాలదే. గోడల మీద మాత్రం బొగ్గుతో, మేకులతో రాసిన పేర్లు. వాటిలో మన పేర్లూ ఉన్నాయి. చెప్పుకోవడానికే సిగ్గేసింది.

మాతో వచ్చిన ఒక పెద్దావిడకు అరవై దాటాయి. పుట్టిందీ మెట్టిందీ కడపే. మసీదు మెట్ల మీద కూర్చుని, “ఇంత దగ్గరుందా బేటా! నన్నెవరూ తీసుకురాలేదే” అంది. మగవాళ్ళం ఎవరమూ బదులు చెప్పలేకపోయాం. ఆమె కొడుకు స్నేహితులతో అప్పటికే మూడుసార్లు వచ్చి వెళ్ళాడు.

వెళ్ళేవారికి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. వేసవిలో బండలు కాలిపోతాయి. నీళ్ళు, భోజనం వెంట ఉంచుకోండి. లోయ అంచున పిల్లల చేయి వదలవద్దు, ఫోటోల కోసం చివరిదాకా పోవద్దు. రాత్రి ఉండదలిస్తే పర్యాటక శాఖవారి వసతి ఉంది, గది ముందుగా మాట్లాడుకోండి. పెద్దవాళ్ళుంటే ఎండెక్కకముందే నడక ముగించండి. రాగి సంగటి, నాటుకోడి పులుసు తినకుండా ఈ సీమ దాటవద్దు.

సోదరులారా! ఉన్న ఊరికి రెండు గంటల దూరంలో ఏముందో మీ తల్లికి, భార్యకు, కూతురికి ఎప్పుడైనా చూపించారా? వచ్చే శనివారం వాళ్ళనే అడగండి, ఎటు పోదామని.